హంతకుడి కోసం దిద్దిన అక్షరాలు

ఆ రోజుల్లో నవలలు చదివి ఆడవాళ్ళు చెడిపోతారని అనేవాళ్ళు. నేను చదవకుండానే, ఒట్టి వినడంతోనే చెడిపోయాను. ఇరవై నాలుగేళ్ళు వచ్చేదాకా నాకు అక్షరం ముక్క రాదు. శ్రీకాకుళం పక్కనుంచి పెళ్ళై భిలాయి వచ్చి ఉక్కు మిల్లు క్వార్టరులో కాపురం పెట్టిన నాటికి నా సంతకం బొటనవేలే. ఇప్పుడు డెబ్బై దాటాక నవలల మీద అభిప్రాయాలు రాయడానికి కూర్చున్నానంటే ఆ పుణ్యం ఏ బడిదీ కాదు, హంతకులది. కొందరు దేవుడి స్తోత్రాలు చదువుకోవాలని పెద్దతనంలో అక్షరాలు దిద్దుతారట (వాళ్ళకి నమస్కారం). నేను మాత్రం ఎవరు చంపారో పక్కింటావిడ కంటే ముందు తెలుసుకోవాలని దిద్దాను. సిగ్గేమీ లేదు.

మా వరుస క్వార్టర్లలో తెలుగు చదవడం వచ్చిన ఆడమనిషి ఒక్కతే, కళ్ళద్దాల వదిన. మగవాళ్ళు బి షిఫ్టుకి వెళ్ళిన వారాల్లో, మధ్యాహ్నం ఆవిడ వరండాలో చాప పడేది. సుపేలా బజారులో ఒకాయన నవలలు అద్దెకిచ్చేవాడు. సగం డిటెక్టివులు, సగం మాంత్రికులు. వదిన పైకి చదివేది, మేం వినేవాళ్ళం. మేమంటే నేను, ఎవరి నోటికీ జడవని బొబ్బిలి పిన్ని, పక్క క్వార్టరు ఛత్తీస్‌గఢీ దీదీ. దీదీకి తెలుగు రాదు. అయినా బఠాణీలు ఒలుచుకుంటూ రోజూ వచ్చి, వదిన గొంతు తగ్గించినప్పుడల్లా "కౌన్ మరా?" అని అడిగేది, ఎవరు చచ్చారని. చదివినందుకు వదినకి ఒక హక్కు ఉండేది. సాయంత్రం ఆవిడ సిగడీ, అంటే బొగ్గుల కుంపటి, వినేవాళ్ళలో ఎవరో ఒకరు ముట్టించాలి. పిన్నికి ఆయాసం. దీదీ కథ అర్థం కాని మనిషి, ఆవిడ దగ్గర పని పుచ్చుకోవడం అన్యాయం. కాబట్టి ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ నేనే. ఆ పొగకి నా కళ్ళు నవలల్లో జమీందారు భార్యల కళ్ళకంటే ఎక్కువ ఏడ్చాయి.

డిటెక్టివ్ నవలల మీద నా అభిప్రాయం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. అందులో అందరికీ తీరిక ఎక్కువ. శవం పడి ఉన్న ఇంట్లో కూడా వేళకి కాఫీలు వస్తాయి, ఎవరు పెట్టారో మాత్రం రాయరు. హత్య ఎప్పుడూ బంగళాలోనే. మా రెండు గదుల క్వార్టర్లలో ఎవరినైనా చంపాలంటే ముందు నాలుగిళ్ళ అనుమతి తీసుకోవాలి (ఇక్కడ తుమ్మితే పక్కింట్లోంచి "చిరంజీవ" అనేవారు). మాంత్రిక నవలలు ఇంకా ఘోరం. రాజకుమారుడు ఆరు నెలలు గుర్రం దిగడు, ఆ గుర్రానికి ఒక్కనాడూ గడ్డి వెయ్యడు. గుహలో మాంత్రికుడి గడ్డం గురించి పేజీలకు పేజీలు రాస్తారు, తిండి గురించి ఒక్క ముక్క రాయరు. ఇన్ని వంకలు పెట్టే నేనే, వింటున్నప్పుడు ఊపిరి బిగబట్టేదాన్ని. ఒక్కటి మాత్రం వింతగా ఉండేది. మా వరండాలో ఏ నవల ముగిసినా హంతకురాలు ఆడపడుచే. మాంత్రికుల కథలో మాయలాడి ముసుగు లాగినా, లోపల రాజుగారి చెల్లెలే! రాసేవాళ్ళందరికీ ఇళ్ళల్లో ఆడపడుచుల పోరు కాబోలు, పాపం, అనుకునేదాన్ని.

ఒకరోజు హంతకుడి పేరు చెప్పబోతూ వదిన పుస్తకం మూసేసింది. "గొంతెండిపోనాదర్రా. మిగతాది రేపు."

"ఆ పేరొక్కటీ సెప్పీండి వదినా, రాత్రి నిద్దర పట్టదు" అన్నాను.

"అచ్చరం ముక్క రానిదానివి, నీకేటే అంత తొందర? ఎల్లి సిగడీ ముట్టించు."

ముట్టించాను. లోపల కూడా అంటుకుంది. ఇంటికొచ్చి మా ఆయన్ని పట్టుకున్నాను. ఆయన పలక తెచ్చి, ముందు అ, ఆ దిద్దమన్నారు.

"అ, ఆ ఎవుర్నీ సంపనేదు కదా. 'హంతకుడు' ఎలా రాస్తారో సూపించండి."

"నీకు సదువు సెప్పడం కంటే మిల్లులో ఇనుము వంచడం నయమే" అని తల పట్టుకున్నారు గానీ, రాసి చూపించారు. ఆ వానాకాలమంతా దిద్దాను. నాకు మొదట వచ్చిన మాటలు హంతకుడు, రక్తం, పిశాచం. అమ్మా, ఆవూ చాలా తర్వాత వచ్చాయి.

చలి మొదలయ్యాక జమీందారు హత్య నవల వచ్చింది. ఆఖరి రెండు పేజీల దగ్గర వదిన టీకి ఆగింది. నేను లేచి నిలబడ్డాను.

"ఆఖరు నాను సదువుతాను."

"ఓలమ్మో, ఇది సదువుతాదట!" అంది పిన్ని.

వదిన పుస్తకాన్ని గుండెకి హత్తుకుంది. "వొద్దే. అద్దె పుస్తకం, సిరిగిపోద్ది."

"సదవలేకపోతే ఈ కాలనీలో ఉన్నంతకాలం మీ సిగడీ నానే ముట్టిస్తాను. సదివితే మీ సిగడీ మీదే."

"మాటంటే మాటే. ఇచ్చీయే!" అని తీర్పు చెప్పింది పిన్ని. వదిన ఇచ్చింది. ఇస్తున్నప్పుడు ఆవిడ ముఖం పాలిపోయింది. భయపడింది కదా అని సంబరపడ్డాను.

వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివాను. ఒక్కో వాక్యానికి దీదీ గుప్పెడు బఠాణీలు ఒలిచేసింది. డిటెక్టివు అందరినీ హాల్లో కూర్చోబెట్టాడు. సిగరెట్టు వెలిగించాడు (అది వెలిగించకుండా వాళ్ళకి నిజం గుర్తురాదు). "జమీందారును చంపింది మరెవరో కాదు..." పేజీ తిప్పాను.

అట్ట.

అట్ట లోపలి వైపు బోసిగా ఉంది. చరోదా రైల్వే కాలనీ దాకా చేతులు మారి వచ్చే పుస్తకాలు. ఆఖరి కాగితాలు ఎక్కడో రాలిపోయాయి. తలెత్తి వదిన వైపు చూశాను. ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుంటోంది. అప్పుడు వెలిగింది నాకు, ఇన్ని నవలల్లో ఇంతమంది ఆడపడుచులు ఎక్కడినుంచి వచ్చారో.

పేజీ లేదని చెప్పెయ్యొచ్చు. కానీ అది నిజమని చూసి చెప్పగలిగింది వదిన ఒక్కతే. "ఉంది, దీనికే సదవడం రాదు" అని ఆవిడ ఒక్క మాటంటే నా బతుకు సిగడీ పాలు. పిన్ని ముందుకి వంగింది. దీదీ, "జల్దీ బోలో!" అంది, త్వరగా చెప్పమని. నేను బోసి అట్ట మీద వేలు పెట్టి, ఎడమనుంచి కుడికి జరిపాను.

"మరెవరో కాదు... ఆ ఇంటి... క... ళ్ళ... ద్దా... ల... వదిన!"

"ఆవిడెవుర్తే? ఇన్నాళ్లూ రానేదు?" అంది పిన్ని.

"దాక్కుందట. అందుకే డిటెక్టివుకి ఇన్ని పేజీలు పట్టింది."

వదిన చెయ్యి చాపింది. "ఏదీ, ఇలా తే." కళ్ళద్దాలు పెట్టుకుని అట్ట వైపు చాలాసేపు చూసింది.

"అవునర్రా. అలాగే రాసుంది" అంది చివరికి. "కానీ ఇదొక లైను వొదిలేసింది. 'ఆ వదినకి కత్తి అందించింది, రోజూ ఆవిడ పొయ్యి ముట్టించే మరదలు పిల్ల.'"

దీదీ ఇక ఆగలేక, "కిస్నే మారా?" అంది, ఎవరు చంపారని.

"దోనో! ఇద్దరూ కలిసే!" అంది పిన్ని, మా ఇద్దరినీ అనుమానంగా చూస్తూ. తనకి మొదటినుంచీ తెలుసన్నట్టు దీదీ తలాడించింది.

సాయంత్రం వదిన తన సిగడీ తనే ముట్టించుకోవడానికి కూర్చుంది. అలవాటు తప్పి పొగే గానీ నిప్పు రాదు. నేను వెళ్ళి జమీందారు నవలతోనే విసిరాను. (ఇంకో రెండు పేజీలు వదులైతే అయ్యాయి.)

"మా ఆడపడుచు మూడేళ్ళు నన్ను పుస్తకం ముట్టుకోనివ్వనేదే" అంది వదిన, పొగలోంచి. "సదువుకున్న పొగరని దాసీసేది. అందుకే, కాయితం లేనప్పుడల్లా దాన్నే ఇరికించీసినాను."

"ఎన్నిసార్లు?"

"ఎన్ని పుస్తకాలకి ఆఖరు కాయితాలున్నాయే, లెక్కెట్టడానికి!"

ఇద్దరం దగ్గుతూ నవ్వాం. ఆ తర్వాత మా వరండాలో వంతులు. మొదలు ఆవిడ చదివేది, ఆఖరు నేను చదివేదాన్ని, కాగితం ఉన్నా లేకపోయినా. ఆడపడుచులు చేసే హత్యలు తగ్గిపోయాయి. ఆఫీసు గుమాస్తాలు, ఇంటాయన మేనత్తలు పట్టుబడ్డారు, ఒకసారి గుర్రమే హంతకుడైంది (గడ్డి వెయ్యనందుకు).

ఇప్పుడు నాకూ కళ్ళద్దాలొచ్చాయి. మనవరాలు కొనిచ్చే పుస్తకాలకి ఆఖరి పేజీ గట్టిగా అతికే ఉంటుంది. హంతకుడెవరో అచ్చులో చెప్పేస్తారు. చదివి, ఇంతేనా అని మూసేస్తాను. ఆ చాప మీద నిలబడ్డ ఇరవై నాలుగేళ్ళ పిల్ల గుర్తొస్తుంది. అబద్ధమని అనుమానం రాకూడదని, అట్ట మీద లేని అక్షరాల దగ్గర కూడా ఆగి, తడబడి, గుణింతం కూడబలుక్కుంది. ఎన్నో నవలలు చదివాను గానీ, అంత శ్రద్ధగా మళ్ళీ ఏదీ చదవలేదు.