ఆసన్‌సోల్ వాగులో అయిదు రాళ్ళ వరుస

"రేపు వర్క్‌షాపులో స్పానర్ పట్టే పిల్లలకి రాళ్ళెందుకండీ? సోమవారానికి ఆ బీరువా ఖాళీ చేసెయ్యండి" అన్నాడు మా బడి కమిటీ పెద్దమనిషి. ఖరగ్‌పూర్‌లో రైల్వే తెలుగువాళ్ళ పిల్లలకి నేను సైన్స్ చెబుతాను. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇరవై అయిదు కోట్ల ఏళ్ళ కిందట భూమ్మీద ప్రాణుల్లో చాలా భాగం నశించిపోయిన కథ అయిదు గంటల దూరంలో, ఆసన్‌సోల్ పక్కన రాళ్ళలోనే ఉంది. దాన్నే తెచ్చి ఆ బీరువాలో పెడతానన్నాను.

ఆదివారం పొద్దున్నే సుభాష్‌పల్లి నుంచి స్టేషన్‌కి ఆటో అరవై రూపాయలు. రిటైరైన ఫిట్టరు మా మావగారు తన పాత పనిముట్ల సంచీతో తోడొచ్చారు. అయిదున్నర బండిలో బాంకుడా, ఆద్రా మీదుగా పదిన్నరకి దిగాం. ఊరి బయట వాగుకి రానూపోనూ ఆటో ఏడు వందలు. కింది పొర పాతది, పైది కొత్తది కాబట్టి గట్టు అడుగు నుంచి పైకి ఒక్కో పొరలో ఒక్కో రాయి కొట్టాం. కింది రెండింట్లో ఆకుల అచ్చులున్నాయి, పై మూడింట్లో ఒక్కటీ లేదు. మావగారు వాటి మీద సుద్దతో ఒకటి నుంచి అయిదు దాకా అంకెలు వేశారు.

అంతలో వాన దంచికొట్టింది. అంకెలన్నీ కొట్టుకుపోయాయి. పై మూడూ ఒకే రంగు, ఏది ఏ పొరదో తెలియలేదు.

"ఓలమ్మో! నలబయ్యేళ్ళు వర్క్‌షాపులో సుద్దతోనే రాసినాను. షాపుకి కప్పుందన్న సంగతే మరిసిపోనాను" అన్నారు మావగారు తల పట్టుకుని.

"దీదీ, ట్రైన్ ఛూట్ జాయేగా" అని, బండి తప్పిపోతుందని తొందరపెడుతూ ఆటో అతను హారన్ కొట్టాడు.

"పోతే పోనీ! వరుస లేకపోతే ఇవి వట్టి రాళ్ళు. మళ్ళీ కొడదాం మావయ్యా."

"అదీ మాట! ఈసారి సుద్దొద్దు. పంచ్ దెబ్బ మాయదు" అంటూ ఆయన సంచీలోంచి సెంటర్ పంచ్, ఇనుము మీద చుక్క పొడిచే మొనదేలిన ఉక్కు కడ్డీ, తీశారు. అడుగు రాయి మీద ఒక చుక్క, దాని పైదాని మీద రెండు, అలా అయిదు దాకా పొడిచారు. బండి తప్పింది. బస్సులు మారి ఇల్లు చేరాం.

సోమవారం పెద్దమనిషి బడికి వచ్చి, బీరువాలో పెట్టిన అయిదు రాళ్ళూ చూసి, "ఇందులో వినాశనం ఏదండీ?" అన్నాడు వెటకారంగా. రెండు చుక్కల రాయికీ మూడు చుక్కల రాయికీ మధ్య వేలు పెట్టి, "ఇక్కడ. దీని దాకా ఆకులున్నాయి, దీన్నుంచి లేవు" అన్నాను. ఆయన వంగి చుక్కలు లెక్కపెట్టుకున్నాడు. ఆ వరుసను నిలబెట్టింది స్పానర్ పట్టిన చెయ్యేనని కూడా చెప్పాను. నాకు చాలా గర్వంగా అనిపించింది.

మీరూ వెళ్తే ఒక్క మాట గుర్తుంచుకోండి: రాళ్ళ మీద సుద్దతో రాయకండి, పంచ్ లేకపోతే పెయింటైనా తీసుకెళ్ళండి. మా బీరువా ఖాళీ కాలేదు. తాళంచెవి నా కొంగునే ఉంది.