దోనె చాటున పట్టిన కేక

మొన్న తాడేపల్లిగూడెంలో ఒక పెళ్లి భోజనానికి వెళ్లాను. పనసపొట్టు కూర రెండోసారి వడ్డిస్తుండగా పక్క షామియానాలో డీజే వాళ్లు ఆ పాట పెట్టారు. ఎనభైల నాటి పాట. దానికి కొత్త దరువు తగిలించి, మధ్యలో ఈలలు కలిపి, గుండెల మీద గుద్దినట్టు మోగిస్తున్నారు. పెళ్లికూతురి మేనమామలు ఉత్తరీయాలు నడుముకి బిగించి ఆడటానికి దిగారు. నేను విస్తరి మడిచేశాను. పెళ్లివారాయన పరుగున వచ్చి, "ఏవండీ, కూర బాలేదా అండీ?" అని కంగారు పడ్డారు. కూర బ్రహ్మాండంగా ఉంది. నా కోపం దాని మీద కాదని ఆయనకి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి చెప్పను? పొలమారిందని చెప్పి లేచి వచ్చేశాను.

ఆ రోజుల్లో ఆ పాట మోగని ఊరు మా వైపు లేదు. సినిమా పాట కాదు, క్యాసెట్ పాట. ఏలూరు బస్టాండులో సోడాబండి దగ్గరా, ద్వారకా తిరుమల బస్సుల్లోనూ, ఉంగుటూరు సెంటర్లో టీకొట్టు దగ్గరా అదే. కొల్లేటి పిల్ల ఒకతె ఒడ్డున నిలబడి ప్రియుణ్ణి కవ్విస్తూ పిలవడం అందులో విషయం. పల్లవికి ముందు ఒక పొడుగాటి కేక వస్తుంది. మెల్లగా లేచి, నడిమధ్యన తెగి, మళ్లీ అందుకుని పైకి పోతుంది. జనానికి పాటకన్నా ఆ కేకే ఇష్టం. కాలేజీ కుర్రాళ్లు ఆడపిల్లల వెనక దాన్నే కూసేవారు. ఆ గొంతు ఏ గాయనిదో క్యాసెట్ అట్ట మీద వేయలేదు. అది మా పెద్దమ్మ గొంతు.

పెద్దమ్మంటే మా అమ్మకి అక్క. ఆవిణ్ణి కొల్లేటి మధ్య లంకలో ఇచ్చారు. చలికాలం తెల్లవారుజామున అక్కడ మంచు దిగితే, దోనెలో ఉన్నవాడికి తను పట్టుకున్న గెడ కొస తనకే కనపడదు. వేటకి వెళ్లిన మగవాళ్లకి ఒడ్డు ఎటో తెలియడానికి ఆడవాళ్లు రేవులో నిలబడి కేకేసేవారు. ఒకరి కేకలా ఇంకొకరిది ఉండకూడదు. కాపురానికొచ్చిన మొదటి చలికాలమే కోడలు తన కేక తను కట్టుకోవాలి. మగవాడు మిగతావన్నీ వదిలేసి తన ఇంటి కేక వినపడ్డ వైపు గెడ వేసుకుంటూ వచ్చేస్తాడు. ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. మొగుడు నీటి మీద ఉంటేనే ఆ కేక నోట రావాలి. ఆయన ఇంట్లో ఉండగా అంట్లు తోముకుంటూ కూనిరాగంగా తీసినా అత్తగార్లు కసిరేవారు.

నాటకాలకి హార్మోనియం వాయించే ఒకాయన ఒక చలికాలం టేపురికార్డరు పట్టుకుని ఆ లంకలో దిగాడు. కేకల సంగతి విని, పెద్దమ్మని ఒక్కసారి వినిపించమన్నాడు. "మా ఆయన అరుగు మీద చుట్ట కాల్చుకుంటున్నాడండీ, ఇంకెవర్ని పిలవమంటారు?" అని ఆవిడ తలుపేసుకుంది. ఆయన వెళ్లిపోయాడు. ఏడాది తిరక్కుండానే పాట వచ్చింది. అందులో ఆవిడ కేక ఉంది.

ఆ మరుసటి చలికాలం, మంచు దట్టంగా దిగిన ఒక పొద్దున అవతలి లంకలో పెళ్లి. మైకుసెట్టులో ఆ పాటనే తిప్పి తిప్పి వేశారు. ఇవతలి రేవులో పెద్దమ్మ గొంతు పగిలేలా పిలుస్తోంది. నీళ్ల మీదుగా వచ్చే లౌడుస్పీకరు ముందు మనిషి గొంతెంత? మంచు విడిచాక పెద్దనాన్న దోనె ఆ పెళ్లి లంక దారిలో, కొల్లేటి నీళ్లు సముద్రానికి పోయే ఉప్పుటేరు మొగ దగ్గర తిరగబడి కనిపించింది. ఆయన సాయంత్రానికి దొరికాడు.

లంక తీర్పు చెప్పేసింది. మొగుడి కేకని పరాయివాడి పెట్టెలో పాడింది, ఆ కేకే మొగుణ్ణి తీసుకుపోయింది అన్నారు. పాడలేదని ఆవిడ కనపడ్డవాళ్లందరికీ చెప్పుకుంది. పెట్టె ముందు కూర్చుని పాడితేనే అందులో గొంతు పడుతుందని వాళ్ల నమ్మకం. పడింది కాబట్టి పాడింది. ఒకే పెరట్లో ఉండే సొంత మరిది ఆవిడతో మాట మానేశాడు. ఆదివారం ఏసుప్రభువు గుళ్లో అందరూ కీర్తన పాడుతుంటే పెద్దమ్మ పెదవి కదిపేది కాదు. దానికి పొగరని పేరు పెట్టారు.

అలా ఇరవై ఏళ్లు గడిచాయి. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వంవాళ్లు కొట్టేస్తున్న ఏడాది, ఆ హార్మోనియం ఆయనకి ఏలూరులో సన్మానం పెట్టారు. ఆ పాట వెనక కథ రాసుకురమ్మని మా పత్రిక నన్ను పంపింది. సంగతి చెబితే పెద్దమ్మ తనూ వస్తానంది. "ఆయన ఒక్క మాట చెబితే చాలురా. నేను కాదన్నానని, మనవాళ్లు వినేలాగ," అంది. మనవాళ్లూ ఉన్నారు. చెరువుల గొడవకి ధర్నా చేయడానికి లారీల్లో వచ్చిన లంక జనం, ఎండకి తాళలేక హాల్లోకి చేరి ఫ్యాన్ల కింద బారులు తీరి కూర్చున్నారు. వాళ్లలో ఆవిడ మరిదీ ఉన్నాడు.

స్టేజీ మీద హార్మోనియం ఆయన జరీపంచె సర్దుకుని మొదలుపెట్టాడు. "కొల్లేటి ఒడ్డున ఒక ముగ్ధ నాకోసం గొంతు విప్పిందండీ. ఆ సిగ్గూ, ఆ ఓరచూపూ, అదే నా పాట."

పెద్దమ్మ లేచి నిలబడింది. "ఏవండీ, ఆ మనిషిని నేనేనండీ. నేను మీకోసం పాడానా అండీ?"

ఆయన మొహం వెలిగిపోయింది. చెయ్యి పట్టి స్టేజీ ఎక్కించి, తన మెడలో శాలువా తీసి ఆవిడకి కప్పాడు. ఫొటోలు తీశారు.

"శాలువా సంగతి తర్వాతండీ. మీరడిగితే నేను పాడనన్నానా లేదా? అది మైకులో చెప్పండి."

"అనకేమండీ. తలుపు మొహమ్మీదే వేశారు. మేం వదిలే రకమా? మర్నాడు తెల్లారకుండానే బోర్లించిన దోనె చాటున నక్కి, మీరు మంచులో మీ ఆయన్ని పిలుస్తుంటే టేపులో పట్టేశాం. కళాకారుడు కూడా దొంగేనండీ."

హాలు హాలంతా విరగబడి నవ్వింది. ఫ్యాన్ల కింద వరసలు మాత్రం నవ్వలేదు.

"నేను పిలిచిన ఆ మనిషి ఏమయ్యాడో కనుక్కున్నారా అండీ ఎప్పుడైనా?"

"మీ వారా? కులాసాగా ఉన్నారా అండీ?"

"లేరండీ. మీ పాట దగ్గరికి వెళ్లారు."

ఆయనకి అర్థం కాలేదు. అర్థం చేసుకునే తీరిక కూడా ఇవ్వకుండా ఆర్కెస్ట్రావాళ్లు ఆ పాటే అందుకున్నారు. పెద్దమ్మ శాలువాని నాలుగు మడతలు పెట్టి ఆయన కుర్చీలో పెట్టి దిగి వచ్చింది.

బయట మెట్ల దగ్గర మరిది తలగుడ్డ చేత్తో నలుపుతూ నిలబడ్డాడు. "వదినా, మాకు మాత్రం ఇవాళేగా తెలిసింది," అన్నాడు.

మా వైపు కోపం ముదిరేకొద్దీ మర్యాద పెరుగుతుంది. "నేను చెప్పలేదా అండీ మరిదిగారూ? ఏడ్చి చెబితే ఇరవై ఏళ్లు నమ్మలేదు మీరు. ఆయన నవ్వులాటకి చెబితే నిలబడ్డ పాటున నమ్మేశారు. మాట మానేసినవారు మానేసినట్టే ఉండండి."

మర్నాడు పేపర్లలో శాలువా ఫొటో వచ్చింది. కింద 'అభిమానికి ఆత్మీయ సత్కారం' అని వేశారు. మా పేపర్లోనూ అదే. నేను రాసిన పాట వెనక కథకి చోటు చాల్లేదన్నారు. ఆ రోజు డెస్కులో నేను వేసిన కేకలు పాతవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ ఆదివారం పెద్దమ్మని చూడటానికి లంకకి వెళ్లి, ఆవిడతో పాటు గుడికి వెళ్లాను. ఆవిడకి చోటివ్వడానికి ఆడవాళ్లు ముందు చాప మీద సర్దుకున్నారు. ఆవిడ చూడనట్టే వెనక గోడ దగ్గరికి పోయి, తన మామూలు చోట కూర్చుంది. కీర్తన మొదలుకాగానే నోరు విప్పింది. శ్రుతి లేదు, గొంతు బొంగురుపోయింది, అందరికన్నా ఒక పాదం ముందు పోతోంది. ముందు వరసలవాళ్లు ఒక్కరూ వెనక్కి తిరిగి చూసే ధైర్యం చేయలేదు. అది కీర్తించినట్టు లేదు, నిలదీసినట్టుంది.

పెద్దమ్మ పోయి కూడా చాలా ఏళ్లయింది. లంకకి రోడ్డు పడింది, మంచులో పిలిచేవాళ్లు లేరు. ఆ పాట మాత్రం ఏటేటా కొత్త దరువు వేసుకుని కుర్రదవుతోంది. అది ఎక్కడ మోగినా నాకు అదే పొద్దు, అదే మంచు. ఇన్నేళ్లలో ఆ మంచు కొంచెం కూడా విడవలేదు.