గడప కింద ఏదుపంది ముల్లు

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే మా ఇంట్లో ముందుగా నవ్వేవాణ్ణి నేనే. బోరు మోటార్లు బాగుచేసి బతికేవాణ్ణి. మోటారు ఆగిందంటే దానికో కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. ఈ సంగతికి మాత్రం ఏడాదిగా వెతుకుతున్నా దొరకలేదు.

మాది ఆదోనికీ ఎమ్మిగనూరుకూ మధ్య ఒక పల్లె. అన్నా నేనూ పక్కపక్క ఇళ్ళలో ఉన్నా పొయ్యి ఒకటే. మా శనగకాయ చేను గుట్టను ఆనుకొని ఉంటుంది. ఆ బండల సందుల్లో ఏదుపందులు బొరియలు తవ్వుకొని ఉంటాయి. పగలు బయటికి రావు. చీకటి పడ్డాక వచ్చి కాయలు తవ్వి తింటాయి. ఎముక దొరికితే బొరియ దాకా లాక్కెళ్ళి కొరుకుతాయి.

ఒకసారి మునిమాపువేళ ఒకటి ఎదురుపడింది. చిన్న కుక్కంత ఉంది. నాకు వీపు తిప్పి, నలుపూ తెలుపూ పట్టెల ముళ్ళన్నీ నిక్కబొడిచి, తోక గలగలలాడిస్తూ వెనక్కి వెనక్కి నా మీదికే వచ్చింది. ముళ్ళు బాణాల్లా విసురుతుందంటారు గానీ అదంతా ఉత్తదే.

మా వైపు ఇంకో మాట కూడా ఉంది. ఏదుపంది ముల్లు ఎవరింట్లో పెడితే ఆ ఇంట్లో కొట్లాటలు పుడతాయట. అందుకే చేలో దొరికినా ఎవరూ ఇంటికి తీసుకురారు. గిట్టనివాళ్ళు మాత్రం దొంగతనంగా తెచ్చి పెడతారంటారు.

పోయినేడు కాయలు పీకే రోజుల్లో, పొద్దున పది గంటలప్పుడు, అన్న మా ద్వారబంధం సందులో ఏదో దూర్చడం చూశాను. ముఖం కూడా చూశాను. పిలిచేలోపే వెళ్ళిపోయాడు. సందులో జానెడు ముల్లు ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. దాన్ని పారేసి, ఎమ్మిగనూరులో ఉన్న అక్కకు చెప్పుకుందామని బస్సెక్కాను.

సాయంత్రం తిరిగొచ్చేసరికి అన్న వీధిలో నిలబడి ఉన్నాడు. చేతిలో ఇంకో ముల్లు.

"మూడు గంటలప్పుడు నువ్వు నా గడప కింద దీన్ని పెడ్తాంటే నా కండ్లతో సూసినా. ఏం పాపం సేసినానప్పా నీకు?"

"నేను అక్క ఇంట్లో ఉంటి కదన్నా. పొద్దున మా ఇంట్లో పెట్టింది నువ్వే!"

"పొద్దున నేను ఆదోని యార్డులో పత్తి అమ్ముతాంటి కదరా!"

ఇద్దరం ఒట్లు పెట్టుకున్నాం, ఒకరినొకరు నమ్మలేదు. ఆ పూటే పొయ్యిలు రెండయ్యాయి. అంతకంటే బాధ నా బతుకులో లేదు.

తర్వాత అన్నీ విచారించాను. అన్నతో పాటు యార్డుకు పోయిన ఇద్దరు, మధ్యాహ్నం దాకా ఆయన తమ పక్కనే ఉన్నాడన్నారు. నేను తన ఇంట్లోనే ఉన్నానని అక్క అన్నకు చెప్పింది. మా ఇద్దరి మాటా నిజమే. మరి ఆ ముళ్ళు? రాలిన ముల్లు మొదలు ఎండిపోయి ఉంటుంది. అన్న చేతిలోని ముల్లు మొదట్లో, అప్పుడే ఒంట్లోంచి ఊడినట్టు, నెత్తురు తడి ఉంది. నేను చూసిందేమిటో, అన్న చూసిందేమిటో ఇప్పటికీ తెలియదు.

మొన్న అన్న మా వాకిట్లోకొచ్చి, "రాప్పా, అన్నం తిందాం" అన్నాడు. ఈ మాట కోసం ఏడాదిగా ఎదురుచూశాను. అయినా లేవలేకపోయాను. ఆ పొద్దున చూసింది కూడా ఈ ముఖమే. ఫోన్ తీసి అన్న నంబరుకు చేశాను. ఆయన జేబులో మోగాకే లేచాను.

ఎందుకు చేశావని అన్న అడగలేదు.