ఎప్పుడు వెళ్తారు?

రేవులో పనిచేసే క్రేన్ ఆపరేటరుకు తన మామగారిలో నచ్చని గుణం ఒకే ఒక్కటి. మనిషి ఎదురుపడితే చాలు, పలకరింపు కంటే ముందు ఆయన నోట్లోంచి "ఎప్పుడు వెళ్తారు?" అనే మాట ఊడిపడేది.

పెళ్ళయిన కొత్తలో అల్లుడు అత్తవారింటికి వెళ్ళి గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే, ఆయన తలుపు తీసి అదే అడిగాడు. రెండో చెప్పు విడవాలో, విడిచింది తిరిగి తొడుక్కోవాలో తెలియక అల్లుడు ఒంటికాలి మీద నిలబడిపోయాడు. అత్తగారు లోపల్నుంచి పరుగెత్తుకొచ్చింది.

"ఆయన మాటలు పట్టించుకోకు బాబూ! జ్వరం చూడ్డానికొచ్చిన డాక్టర్నీ అదే అడిగారు. ఆ మహానుభావుడు మళ్ళీ మా గుమ్మం తొక్కితే ఒట్టు!"

పాపం, అది వృత్తి తెచ్చిపెట్టిన జబ్బు. ఓడల్లోంచి దిగిన ఇనప పెట్టెల్ని యార్డులో ఎక్కడ పేర్చాలో చెప్పడం ముప్ఫై ఏళ్ళుగా రేవులో ఆయన ఉద్యోగం. ముందు వెళ్ళేది పైన ఉండాలి, ఆలస్యంగా వెళ్ళేది అడుగున ఉండాలి. ఏది ఎప్పుడు వెళ్తుందో అడక్కుండా పేరిస్తే అడుగుదాని కోసం పైవన్నీ దించుకోవాలి.

కొత్త ఆఫీసరు చార్జి తీసుకున్న రోజున కూడా ఆయన చేతులు కట్టుకుని, "తమరెప్పుడు వెళ్తారు సార్?" అన్నాడు. ఆ పూటే మామగారిని యార్డులోంచి పీకి రికార్డు గదిలో పడేశారు.

"అడగటాలూ గిడగటాలూ వద్దు. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెట్టెయ్యండి. ఓడ త్వరగా ఖాళీ కావాలి" అన్నాడు ఆఫీసరు.

నెల తిరిగేసరికి రేవుకు గొంతులో ముద్ద అడ్డంపడ్డట్టయింది. ఒక్క పెట్టె తీయాలంటే ఐదు కదపాలి. ఈలోగా గేటు బయట రెండు మైళ్ళ పొడవున లారీలు నిలిచిపోయాయి. యార్డులో చోటు లేక ఓడల్లోంచి సరుకు దించడం ఆగింది. అల్లుడు క్రేన్ మీంచి లెక్కపెడితే సముద్రంలో ఇరవై ఆరు ఓడలు.

"ఇంకో నాలుగు క్రేన్లు తెప్పిస్తా" అన్నాడు ఆఫీసరు.

"దించింది పెట్టడానికే చోటు లేదు సార్. మా మావయ్యగారిని పిలవండి."

మామగారు రాగానే ఉత్త పెట్టెలన్నిటినీ ఊరి బయటి మైదానానికి పంపేశాడు. తరవాత నోటు పుస్తకం పట్టుకుని లారీ లారీకీ నడిచాడు.

"ఎప్పుడు వెళ్తావయ్యా?"

"నాలుగు రోజులుగా ఇక్కడే మాడి చస్తుంటే నన్నడుగుతారా!" మండిపడ్డాడొక డ్రైవరు.

"నిన్నేనయ్యా. ఎప్పటికి వెళ్ళాలి? ఏం పని?"

రెండు మైళ్ళూ అలాగే అడుగుతూ నడిచాడు. ఒక్కో డ్రైవరుకు ఒక్కో గంట రాసి చీటీ ఇచ్చి, ఆ వేళకే రమ్మన్నాడు. ఆ వరసలోనే అల్లుడు పెట్టెల్ని తిరగ పేర్చాడు.

"ఎర్రదెత్తు బాబూ. కింద నీలంది రేపటిది, పక్కన పెట్టు. మూడో వరసలో చొట్టపడ్డది ఉంటుంది చూడు, అది ఇప్పుడే వెళ్ళాలి" అని మామగారి గొంతు వైర్‌లెస్‌లో వినిపించేది. పుస్తకం తెరవడు, తడుముకోడు. రికార్డు గదిలో నెలంతా చదివిన నాలుగు వేల పెట్టెలు ఆ బట్టతలలో ఎలా పట్టాయో! అల్లుడు చూసిన ప్రతిసారీ ఆయన చెప్పిన పెట్టె చెప్పిన చోటే ఉండేది.

మూడో రోజుకి గేటు ముందు రోడ్డు కనిపించింది. తొమ్మిదో రోజు సాయంత్రానికి సముద్రం మీద నీళ్ళు తప్ప ఏమీ లేవు. ఆఫీసరు కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"అద్భుతమండీ! కానీ ఒక్క సంగతి. అందరికంటే చివర వచ్చిన లారీని అందరికంటే ముందు పంపించారట. మీ చుట్టమా?"

మామగారు పుస్తకం చేతికిచ్చాడు. ఆఫీసరు భుజం మీంచి అల్లుడూ తొంగిచూశాడు. ప్రతి లారీ నంబరు పక్కనా ఒక ముక్క రాసి ఉంది. ఆ చివరి లారీ పక్కన, "తల్లికి రేపు పదింటికి ఆపరేషన్." "పాప పుట్టి ఐదు రోజులు, ఇంకా చూడలేదు." "ఊరికే తొందర, ఆగగలడు."

ఆఫీసరు పేజీలు తిప్పాడు. ఆఖరి పేజీలో క్రేన్ ఆపరేటర్లు. అల్లుడు తన నంబరు వెతుక్కున్నాడు.

"మా అమ్మాయిని సినిమాకి తీసుకెళ్తానని తొమ్మిది రోజులుగా వాయిదా వేస్తున్నాడు. ఇవాళ ఆరింటికి పంపించాలి."

గోడ గడియారంలో ఆరు కావడానికి ఐదు నిమిషాలుంది.

"ఇంకా నిలబడ్డావేం బాబూ?" అన్నాడు మామగారు, పుస్తకం వెనక్కి లాక్కుని.