సంతకం పెట్టని కాగితం

ఎనభైల మొదట్లో మేం కువైట్‌లోని ఫింటాస్‌లో ఉండగా, మా ఆవిడకి దగ్గర్లోని బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. తను ఆ దేశానికి నా వీసా మీద వచ్చింది కాబట్టి భర్త అనుమతి కావాలన్నారు.

“మీరో సంతకం పెడితే చాలంటండి,” అంటూ కాగితం చేతికిచ్చింది.

భార్య సంపాదన తింటున్నాడని ఆఫీసులో నవ్వుతారని నా భయం. ఆ కాగితాన్ని సొరుగులో పడేసి, “మా కఫీల్ ఒప్పుకోలేదు,” అని చెప్పాను. నాకు వీసా ఇచ్చిన ఆ యజమానిని అసలు అడగనే లేదు.

శుక్రవారం పక్కింటావిడ వచ్చి ఉద్యోగం సంగతి అడిగింది.

“పాపం, మా ఆయన చాలా తిరిగారండి. వాళ్ల రూల్సే ఒప్పుకోలేదు,” అంది మా ఆవిడ.

పక్కగదిలో ఉన్న నాకు తల కొట్టేసినట్టయింది. బడిలో ఆ కాగితం ఇవ్వడానికి గడువు ఇంకా రెండు రోజులుంది. ఆ రెండు రోజులూ నేనేమీ చేయలేదు. ఉద్యోగం వేరొకావిడకి వెళ్లింది.