సాయమ్మ చెయ్యి ఎందుకు విరిగింది

ఈ మాటను ఏళ్ల తరబడి గొంతులో అడ్డం పెట్టుకుని తిరుగుతున్నాను. ఇంట్లో చెప్పలేదు. రఫీకి అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నానేమో.

సుబేదారిలో నాకూ నా దోస్తు రఫీకీ కలిపి ఒక త్రీడీ ప్రింటింగ్ షాపు ఉంది. ప్లాస్టిక్ దారాన్ని కరిగించి, పొర మీద పొర పేర్చి వస్తువులు చేస్తాం. ధర్మసాగర్ వైపు నుంచి సాయమ్మ అనే కూలీ వచ్చింది. గడ్డి కోసే మిషన్‌లో పడి ఆమె కుడి అరచెయ్యి పోయింది. ప్లాస్టిక్ చెయ్యి చేసిస్తామన్నాం.

అది వానాకాలం. ఆ ప్లాస్టిక్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ పట్టిన దారంతో చేస్తే పొరలు గట్టిగా అతుక్కోవు, లోపల బుడగలు మిగులుతాయి. "దారం తడి వట్టింది భయ్యా, జర ఆరవెట్టినంకనే మిషన్‌కు ఎక్కియ్యి" అని చెప్పి రఫీ ఊరెళ్లాడు. నాకేమో మర్నాడు ఒక ప్రదర్శనలో సాయమ్మ చేత ఆ చెయ్యి ఊపించి చప్పట్లు కొట్టించుకోవాలని ఆత్రం. ఆరబెట్టలేదు. మిషన్ మూతి దగ్గర తేమ చిటపటలాడటం విన్నాను. విని కూడా ఆపలేదు.

చప్పట్లు కొట్టారు. తర్వాత కొన్నాళ్లకు, నాట్లకు పోతూ ఆటో రాడ్డు పట్టుకున్న సాయమ్మ రోడ్డు మీద పడింది. మేం చేసిన చెయ్యి మణికట్టు దగ్గర విరగడంతోనే పడింది. ఆమె తుంటి ఎముకా విరిగింది.

ఎండలో పెట్టినా ఆ ప్లాస్టిక్ పాడవుతుంది. దవాఖానలో ఆమె మంచం పక్కన నిలబడి నేనడిగిన మొదటి మాట: "చెయ్యి ఎండల వెట్టినవా అక్కా?"

ఆమె ఆలోచించింది. "ఒకపారి కడిగి గోడ మీద వెట్టిన సారూ. గంతకే ఇరుగుతదా? అయితే తప్పు నాదే."

నేను కాదనలేదు.

రఫీ విరిగిన ముక్కను కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూశాడు. లోపలి సన్నటి బుడగలు అతనికి కనిపించలేదా? కనిపిస్తే ఎందుకు అడగలేదు? అప్పటినుంచి దారాలు తనే ఆరబెట్టి, డబ్బాలో పెట్టి తాళం వేస్తున్నాడు. తాళంచెవి నాకివ్వడు. అతను ఫోన్లో గొంతు తగ్గించి మాట్లాడితే, అవతల ఉన్నది సాయమ్మ కొడుకేనని అనుకుంటాను. ఒకవేళ రఫీకి ఏమీ తెలియదేమో. లేక నేను నోరు తెరిచేదాకా చూస్తున్నాడేమో.

మొన్న అతనే చెప్పాడు, నా వైపు చూడకుండా. సాయమ్మ ఇప్పుడు పనికి పోవడం లేదట. ఎవరడిగినా "నేనే ఎండల వెట్టి ఖరాబ్ చేసుకున్న" అంటుందట.

ఆమె ఖరాబు చేయలేదు. నేను చేశాను. తెలిసే చేశాను. ఆమె ముందు నిలబడి ఈ మాట అనే ధైర్యం ఇంకా రాలేదు. ఇక్కడ మాత్రం అన్నాను. ఊపిరి కొంచెం ఆడుతోంది.