అట్ట వెనకాల పడ్డ పాచిక

ఒక పాచిక బరువెంత? గోరంత ఉంటుంది. దాన్ని నేను ఏళ్ల తరబడి మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు, నా భార్యకు కూడా. మీరు నాకు తెలియరు, నేను మీకు తెలియను. అందుకేనేమో మీకు చెప్పబుద్ధవుతోంది. మధ్యలో నవ్వొస్తే నవ్వండి, తప్పులేదు. ఆటలో చేసిన మోసానికి ఇంత ఏడుపేంట్రా అని నన్ను నేనే ఎన్నోసార్లు తిట్టుకున్నాను. తిట్టుకున్నా పోలేదు.

మాది కరీంనగర్ వైపు ఒక నేత పట్నం. మరమగ్గాలను మేం సాంచాలంటాం. సాంచాలు బందుండే రోజు మధ్యాహ్నం మా షెడ్డులో నలుగురం దోస్తులం కూర్చుని ఒక ఆట ఆడేవాళ్లం. మాలో ఒకడు అజ్మత్, వాళ్లన్న దుబాయి నుంచి పంపిన ఆట అది. గెలవడం, ఓడడం అంటూ ఉండదు. ఒకడు కథ నడుపుతాడు, మిగతావాళ్లు ఆ కథలో తలా ఒక మనిషి అవుతారు. ఏం జరుగుతుందో తేలని చోట ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. కథ నడిపేది నేను. చీరల డబ్బా అట్టను ముందర నిలబెట్టుకుని, దాని వెనకాల పాచిక వేసేవాణ్ని. ఎంత పడిందో నేనే చూడాలి, నేనే చెప్పాలి. నడిపేవాడి మాట నమ్మకపోతే ఇక ఆటే లేదు.

కథ కూడా నేనే అల్లాను. ఒక రాజ్యం, ఒక అడవి, అడవిలో రాజు మీద తిరగబడ్డ దళం, ఊళ్ల మీద పడే రాజభటులు. ఎక్కణ్నుంచి పుట్టిందో వేరే చెప్పాలా? మా బాపు తమ్ముడు, మా చిన్నబాపు, అన్నల్లో కలిశాడు. నేను బడికి పోయే రోజుల్లోనే ఎన్‌కౌంటర్ అన్నారు. మా నాయనమ్మ చచ్చేదాకా ఖాకీ బట్ట కనబడితే తలుపు వేసుకునేది. అందుకే నా కథలో భటులంతా దుర్మార్గులు, దళం వాళ్లంతా ధర్మాత్ములు. అందులో నాకు అనుమానమే లేదు.

మాలో తిరుపతి మాత్రం అడిగి మరీ భటుడి వేషం తీసుకున్నాడు. వాళ్ల బాపు కానిస్టేబుల్. జైనూర్ వైపు అడవుల్లో డ్యూటీ చేస్తూ మందుపాతర పేలి పోయాడు. మాకందరికీ తెలుసు. ఆ మాట మేం ఎత్తేవాళ్లం కాదు, వాడూ ఎత్తేవాడు కాదు. తన భటుడికి మల్లన్న అని పేరు పెట్టుకున్నాడు. మిగతావాళ్లు సంచిలో తాళ్లు, మూలికలు, విషం పూసిన బాణాలు పెట్టుకుంటే వీడు సీతాఫలాలు పెట్టాడు.

“గవెందుకురా? రాక్షసుడొస్తే గింజలూస్తవా?” అని అజ్మత్ ఎగతాళి చేశాడు.

“ఉండనీయ్ తీ,” అన్నాడు వాడు.

ఒకరోజు పేపర్లో ఎన్‌కౌంటర్ వార్త వచ్చింది. ఆటకు ముందు చాయ్ తాగుతుంటే మాటకు మాట పెరిగింది. పోలీసులు చంపితే అది హత్య కాదా అని నేను. బాంబు పెట్టినోడిది ఏం న్యాయమని అజ్మత్. తిరుపతి గ్లాసు కడుగుతూ మెల్లగా అన్నాడు, “తుపాకి పట్టినోనికి సావు ఎదురొస్తది. ఎవలకైనా.”

నాకు ఒళ్లు మండిపోయింది. వీడెవడు మా చిన్నబాపును అనడానికి? ఎవలకైనా అన్నాడు వాడు. అందులో వాళ్ల బాపు కూడా ఉన్నాడన్న సంగతి అప్పుడు నా చెవికెక్కలేదు. ఎక్కలేదా, ఎక్కనివ్వలేదా? ఇప్పటికీ తేల్చుకోలేను.

ఆట మొదలైంది. మల్లన్న కొలువు ముగించుకుని అడవి దారిన ఇంటికి పోతున్నాడు. కావాలనే దళాన్ని దింపాను. చుట్టుముట్టించాను. తిరుపతి కత్తి దూయలేదు. కింద పెట్టేశాడు. దళనాయకుడికి దండం పెట్టి, ఇంటి కాడ పిల్లలున్నారు, పోనీయమన్నాడు. సరే, పాచిక చెబుతుందన్నాను. పది దాటితే వదిలేస్తారు, దాటకపోతే చంపేస్తారు.

అట్ట వెనకాల వేశాను. పది దాటింది. బాగానే దాటింది.

“నాలుగు,” అన్నాను.

 ఏదీ చూపియ్ అని తిరుపతి ఒక్కమాట అంటే నా పని అయిపోయేది. వాడు అనలేదు. నేను చెప్పానుగా, వాడికి అదే చాలు. ఇంకోటి అడిగాడు.

“మరి సంచిల సీతాఫలాలు?”

“ఏం సీతాఫలాలు?”

“మల్లన్న తీస్కపోతుండె గద. గవన్న ఇంటికి ముడుతయా?”

నా కసి ఇంకా చల్లారలేదు. “దళపోళ్లు తిన్నరు.”

వాడు తలూపాడు. “తిననీ తీ. అడవిల తిరుగుతరు, ఆకలైతది గద పాపం.”

అంతే. వాడు మళ్లీ ఆటకు రాలేదు.

సీతాఫలాల కాలం వచ్చాక, వాడికి ఇష్టమేమో, మంచి చేసుకుందామని ఒక గంపెడు వాళ్లింటికి పట్టుకుపోయాను. వాడు లేడు. వాళ్లమ్మ గంప వైపు చూసి చేతులు వెనక్కి తీసుకుంది.

“మేం తినం బిడ్డా. గాయన డ్యూటీ నుంచి వచ్చెటప్పుడు గవే తెస్తుండె. ఆకరికి గూడ తెస్తున్న అని ఫోన్ల చెప్పిండు. మనిషి రాలే, పండ్లు రాలే.”

గంప ఎత్తుకుని ఎలా నడిచొచ్చానో నాకు తెలియదు. పోయిన మనిషి ఎలాగూ రాడు. కనీసం ఆటలోనైనా ఒక్కసారి ఇంటికి చేరాలనుకున్నాడు వాడు. పాచిక సరేనంది. నేను కాదన్నాను.

అవతలివాళ్లు కాల్చారు, మేం ఎదురు కాల్చాం అని మా చిన్నబాపు విషయంలో పోలీసులు చెప్పారు. చూసినవాడెవడూ లేడు, చెప్పిందే నిజమైపోయింది. అది అబద్ధమని నేను కనబడ్డవాడికల్లా చెప్పేవాణ్ని. మరి నేనేం చేశాను? నాకు దొరికింది ఇంతంత అధికారం, చాటుకు ఒక అట్టముక్క. కత్తి కింద పెట్టినవాణ్ని చంపించి, బయటికి ఇంకోమాట చెప్పాను. నా అభిప్రాయాలు మారాయా అంటే, పెద్దగా మారలేదు. చిన్నబాపు చావుకు ఇప్పటికీ జవాబు కావాలంటాను. కానీ గొంతు పెంచినప్పుడల్లా ఆ అట్ట గుర్తొచ్చి మాట తడబడుతుంది.

మొన్న తిరుపతి ఎదురుపడ్డాడు. “మా బిడ్డకు గా ఆట నేర్పియ్‌రా,” అన్నాడు. “నువ్వే నేర్పాలె. పాచికల కాడ నువ్వు అబద్దమాడవ్.”

నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. ఛీ! అప్పుడైనా చెప్పొచ్చుగా?  చెబితే నా బరువు దిగుతుంది సరే, వాడికేం మిగులుతుంది? వాణ్ని మళ్లీ ఆ అడవి దారిలో నిలబెట్టాలా? లేక ఇదంతా నా పిరికితనానికి నేను చెప్పుకుంటున్న సాకా? సాకే కావచ్చు.

వాడికి చెప్పే రోజు వస్తుందో రాదో. మీకైతే చెబుతున్నాను. ఆ అంకె ఇంతవరకూ నా నోటి వెంట రాలేదు.

పద్దెనిమిది పడింది. మల్లన్న ఇంటికి చేరాడు, సంచితో సహా.